ద్వారమెంత? అడుగెంత?



నేను నెల్లూరు జిల్లా సముద్రతీరమందలి జువ్వలదిన్నె గ్రామవాసిని. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. బాల్యమున గురువుగారి సన్నిధిని కావ్యములును, కొంత వ్యాకరణమును, కొంత తర్కమును చదివితిని. యంత్రములతో నాకు పరిచయము స్వల్పము. అట్టి నేను నేడు సూక్ష్మదర్శినిని గూర్చియు, కెమెరాను గూర్చియు ప్రసంగింప బూనుట మీకు వింతగా దోపవచ్చును. ఈ సాహసమునకు కారణము నా మనుమడు వేసిన యొక ప్రశ్న.

మా యూరు చేపలు పట్టువారి యూరు. ఇచ్చట పసివాడు సైతము వలను జూచి అది యే చేపకై యల్లినదో చెప్పగలడు. వలకన్ను పెద్దదైనచో చిన్నచేప జారిపోవును. కన్ను మరీ చిన్నదైనచో నాచు, బురద, పనికిరాని పిల్లచేప అన్నియు పడి వల బరువెక్కును. లాగువారి చేతులు పడిపోవును. కావున వల యల్లువాడు ముందుగా అడుగు ప్రశ్న ఒక్కటియే: “ఏ చేపకు?” ఈ ప్రశ్నను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. నేటి నా ప్రసంగమంతయు దీనిచుట్టునే తిరుగును.

నా మనుమడు కళాశాలలో చదువుచున్నాడు. చీమలను, దోమలను, పూవుల పుప్పొడిని పెద్దవిగా జూపు కటకము నొకదానిని కొని తెచ్చి, దానిని కెమెరాకు బిగించి, వారము దినములు కుస్తీ పట్టెను. ఒక సాయంకాలము నాయొద్దకు వచ్చి, “తాతా, ఈ కటకమునకు ద్వారము ఎంత తెరవవలెను? ఒక్కొక్క పటమునకు కెమెరాను ఎంతెంత ముందునకు జరుపవలెను? ఎవరి నడిగినను తలా యొక మాట చెప్పుచున్నారు” అని విచారపడెను. నేను వానిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, “నాయనా, ఈ ప్రశ్న నీతో పుట్టినది కాదు. మన తెలుగునేలమీదనే, 1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీని, సికింద్రాబాదులో ఒక వైద్యుడు ఈ రెండు పనులనే చేసెను. ద్వారమును తెరచెను, దృష్టిమట్టమును మార్చెను. దాని ఫలముగా కోట్లకొలది జనుల ప్రాణములకు సంబంధించిన రహస్యము బయటపడెను” అని చెప్పితిని. వానికి జెప్పిన కథనే నేడు మీకును మనవి చేయుచున్నాను.

కథకు ముందు, ఈ ద్వారమేమి, ఈ అడుగేమి యను సంగతి కొంచెము తేటపడవలెను.

మనలో పెద్దవారికి కన్ను మందగించినపుడు, కళ్లజోడు చేతికందనిచో ఏమి చేయుదుము? పిడికిలి బిగించి, దాని నడుమ సన్నని రంధ్ర ముంచి, ఆ రంధ్రముగుండ అక్షరములను జూచెదము. మసకగా నుండిన అక్షరములు కొంత తేటపడును. కెమెరా కటకములోని ద్వారము కూడ నిట్టిదే. దానిని వాడుకలో అపర్చరు అందురు. అది చిన్నదైనకొలది ముందువెనుకల నుండు వస్తువులు ఒక్కసారిగా తేటగా గనబడును. పెద్దదైనకొలది ఏదో యొక మట్టమున నున్న సన్నని పొర మాత్రమే తేటపడి, దాని ముందునదియు వెనుకదియు మసకబారును.

అట్లయినచో ద్వారమును వీలయినంత చిన్నది చేసికొన్న చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. పిడికిలిలోని రంధ్రమును మరింత బిగించి చూడుడు. అక్షరము మరల అలుకుకొనిపోవును. దీనికి కారణము వెలుగు యొక్క స్వభావము. వెలుగు తరంగరూపమైనది. మా రేవునొద్ద రాతికట్టల నడిమి యిరుకు త్రోవనుండి కడలియల లోనికి వచ్చునపుడు, అవి తిన్నగా పోక, విసనకఱ్ఱవలె ఇరుప్రక్కలకు విచ్చుకొనుట మేము నిత్యము చూచుచుందుము. త్రోవ ఎంత యిరుకో, విచ్చుకొనుట అంత యధికము. వెలుగును అంతియే. ఇరుకు ద్వారమున వచ్చిన వెలుగు విచ్చుకొని, చుక్కవలె నుండవలసిన బిందువును బిళ్ళగా జేయును. శాస్త్రజ్ఞులు దీనిని వివర్తనమందురు.

కాబట్టి ధర్మసంకటము. ద్వారము తెరచినచో సూక్ష్మమైన వివరము దొరకును గాని, అది కాగితమంత పలుచని పొరలో మాత్రమే. ద్వారము మూసినచో మందమైన పొర దొరకును గాని, వివరము పోవును. ఈ సంకటమునకు పరిష్కారము తాటాకు గ్రంథమున గలదు. గ్రంథమంతయు ఒక్కమారు చదువుట ఎవనికిని సాధ్యము కాదు. ఒక్కొక్క యాకును త్రిప్పుచు చదువుదుము. ప్రతి యాకును చదివి, మనస్సులో కూర్చుకొన్న పిమ్మటనే గ్రంథము తెలియును. అట్లే ద్వారమును తగినంత తెరచి, పలుచని పొర నొకదానిని జూచి, దృష్టిమట్టమును కొంచెము జరిపి, తరువాతి పొరను జూచి, అన్నిటిని కూర్చుకొనవలెను. ఆ కొంచెమే అడుగు. రెండాకులు అంటుకొని యొక్కసారి తిరిగినచో అన్వయము చెడునట్లు, అడుగు పెద్దదైనచో నడుమ నొక పొర చదువబడకయే పోవును.

ఈ విద్య యొక్క ఆరంభము ప్రాచీనమైనది. ఇంగ్లాండున రాబర్టు హుక్ అనునాయన 1665లో సూక్ష్మదర్శినితో జూచిన వస్తువుల బొమ్మలతో నొక గొప్ప గ్రంథమును ప్రకటించెను. పేను, ఈగకన్ను మొదలగువాని బొమ్మలు అందు గలవు. ఆయన ఒక్క చూపునకే బొమ్మ గీయలేదు. వస్తువును పలువిధముల వెలుగులలో, పలువిధముల స్థితులలో జూచి, నిజస్వరూపము నిశ్చయించుకొనిన పిదపనే గీసెను. అనగా ఆకులను త్రిప్పి కూర్చినది ఆయన మనస్సు. వ్రాసినది ఆయన చేయి. కెమెరా పుట్టకముందే, పెక్కు చూపులను ఒక్క పటముగా గూర్చు పద్ధతి పుట్టినదన్నమాట.

పిమ్మట రెండు శతాబ్దములకు జర్మనీ దేశమున యేనా నగరమందు ఎర్నెస్టు ఆబే యను గణితజ్ఞుడు ఈ విషయమునకు లెక్క కట్టెను. కటకము ఎంత విశాలమైన కోణమున వెలుగును గ్రహించునో, అంత సూక్ష్మమైన వివరమును అది చూపగలదని 1873లో ఆయన ప్రకటించెను. సూక్ష్మదర్శిని బల్లక్రింద వెలుగును కూర్చి పైకి పంపు కటకమును, దానికి తెరచుటకును మూయుటకును వీలయిన ద్వారమును ఆయన కాలముననే వాడుకలోనికి వచ్చెను.

ఆ పరికరమును క్షయరోగక్రిమిని కనుగొనిన రాబర్టు కోఖ్ పండితుడు 1878 ప్రాంతమున ఉపయోగించి, ఒక వింత గమనించెను. బల్లక్రింది ద్వారము చిన్నదిగా నున్నపుడు వస్తువుల అంచులు, గీతలు, ఆకృతి బాగుగా గనబడును. ద్వారము పెద్దదిగా తెరచినపుడు అంచులు వెలుగులో కరగిపోవును గాని, రంగుగల వస్తువులు స్పష్టముగా నిలుచును. కావున ఆకృతి కావలసినచో నొక ద్వారము, రంగు కావలసినచో మరియొక ద్వారము. ఇందు ఏది సరియైనదని యడుగుట వ్యర్థము. “ఏ చేపకు?” అని యడుగుటయే సమంజసము.

ఇక సికింద్రాబాదునకు వత్తము.

చలిజ్వరమునకు కారణమైన క్రిమిని మనుష్యుని రక్తములో మొట్టమొదట జూచినవాడు లావెరాను అను ఫ్రెంచి వైద్యుడు. అది 1880లో, అల్జీరియా దేశమున. ఆ క్రిమి రక్తములోని ఎఱ్ఱని పదార్థమును తిని, నల్లని రేణువులను మిగుల్చును. ఆ నల్లని రేణువులే దాని యానవాలు. అయితే ఈ క్రిమి ఒక మనుష్యునినుండి మరియొక మనుష్యునికి ఎట్లు పోవును? చెడుగాలివలననియు, చెడునీటివలననియు లోకము నమ్మియుండెను. దోమకు ఇందు పాత్ర యుండవచ్చునని లండనులో పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఊహించి, 1894లో ఆ యూహను రోనాల్డు రాసు అను సైనికవైద్యునికి జెప్పెను. రాసు 1857లో ఆల్మోరాలో పుట్టినవాడు; ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉద్యోగి.

1895లో రాసు సికింద్రాబాదు దండుప్రదేశమునకు వచ్చి, రోగులను కుట్టించిన దోమలను చీల్చి చూచుట మొదలుపెట్టెను. రెండేండ్లు గడచెను. ఫలము సున్న. ఆయన చూచుచుండినవి బూడిదవన్నెవియు, చారలుగలవియు నగు దోమలు. అవి మనుష్యుల చలిజ్వరమును మోయునవి కావు. నడుమ 1897లో నీలగిరుల ప్రాంతమునకు పోయి తానే చలిజ్వరముపాలై కోలుకొనెను.

ఆ యేటి ఆగస్టు నడుమ ఆయన మనుష్యులు వేరొక జాతి దోమ పిల్లపురుగులను తెచ్చిరి. వానినుండి వెలువడిన దోమలకు రెక్కలపై మచ్చలుండెను. 16వ తేదీని, హుసేను ఖాను అను రోగి దోమతెరలోపల పరుండి, ఆ దోమలచేత కుట్టించుకొనెను. దోమకు ఒక అణా చొప్పున పది దోమలకు పది అణాలు అతనికి ముట్టినవి. శాస్త్రచరిత్రలో వైద్యుని పేరు బంగారపు టక్షరములతో వ్రాయబడినది; జ్వరముతో వణకుచు చేయి చాపిన ఆ బీదవాని పేరు కూడ మనము మరువరాదని నా విన్నపము.

20వ తేదీ వచ్చెను. కుట్టిన దోమలలో ఆ నాటికి కొన్ని మాత్రమే మిగిలియుండెను. ఆ పరిశోధన యే స్థితిలో జరిగెనో రాసు తన యాత్మకథయందు వర్ణించియున్నాడు. ఎండ తీవ్రముగా నుండెడి కాలమది. సూక్ష్మదర్శిని మరలు ఆయన నుదుటి చెమటచేతను, చేతుల చెమటచేతను త్రుప్పు పట్టెను. మిగిలిన ఒకే యొక కంటికటకము పగిలియుండెను. పంకా లాగించినచో చీల్చిన దోమ లెగిరిపోవునని పంకా నిలిపివేసెను. కండ్లచుట్టు ఈగలు ముసురుచుండెను.

మధ్యాహ్న సమయమున ఆయన ఒక దోమను చీల్చి, శరీరభాగములన్నియు వెదకెను. ఏమియు గనబడలేదు. జీర్ణకోశము మాత్రము మిగిలెను. దానిని పూర్తిగా వెదకుటకు మరి యరగంట పట్టును. అప్పటికి ఆయన చూచిన దోమకడుపులు వేయికి తక్కువ కావు. అలసట. విసుగు. వదలివేసినచో అడుగువాడు లేడు.

ఇచ్చట నాకు స్థాలీపులాక న్యాయము జ్ఞాపకమునకు వచ్చును. కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు పట్టి చూచిన చాలును. మెతుకులన్నియు నొక్క నీటిలో, నొక్క మంటపై ఉడికినవి గనుక ఆ న్యాయము అక్కడ చెల్లును. కాని సూక్ష్మదర్శిని క్రింద నది చెల్లదు. ఇచ్చటి పొరకును, దానిక్రింది పొరకును సంబంధము లేదు. తొంబదితొమ్మిది పొరలు శూన్యములైనను, నూరవ పొరలో నిధి యుండవచ్చును. రాసు మెతుకు పట్టి చూచి కుండ దింపలేదు. వెదకుట సాగించెను.

సాగించిన కొలదికాలముననే, గుండ్రని, స్పష్టమైన అంచుగల కణమొకటి గనబడెను. దాని వ్యాసము సుమారు 12 మైక్రానులు. మిల్లిమీటరులో వేయవపాలు మైక్రాను. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రానులనుకొనినచో, ఆ కణము వెండ్రుకలో ఆరవవంతు మాత్రమే. దోమకడుపులోని సహజకణముకంటె అది చిన్నది. దాని అంచు మిక్కిలి పదునుగా నుండెను. ప్రక్కన చూడగా మరియొకటి, ఆపైని వేరొకటి.

ఆ దినమున మబ్బు పట్టియుండెను. వెలుగు చాలలేదు. అపుడు రాసు బల్లక్రింది కటకము యొక్క ద్వారమును మరింత తెరచెను. తెరచి, దృష్టిమట్టమును మార్చెను. వెంటనే ఆ కణములలో, కాటుకవలె నల్లని రేణువుల గుంపు గనబడెను. మనుష్యుని రక్తములో చలిజ్వరక్రిమి మిగుల్చు నల్లని రేణువులే అవి!

శ్రోతలారా, ఈ రెండు చిన్న చేష్టలను కొంచెము నిలిచి విచారింపుడు. తక్కువ వెలుగున ఆయనకు ముందుగా గనబడినది అంచు, అనగా ఆకృతి. ఆకృతివలన “ఇది యేదో క్రొత్తది” అని మాత్రమే తెలిసెను. ద్వారము తెరచినపుడు వెలుగును మ్రింగు నల్లని రేణువులు నిలిచినవి. కోఖ్ పండితుడు చెప్పిన రంగుచిత్రమిదియే. ద్వారము తెరచుటయే చాలదు. తెరచినకొలది పొర పలుచబడును గదా. నూనెచుక్కతో వాడు బలమైన కటకమును పూర్తిగా తెరచి చూచినచో, ఒక్కసారికి తేటపడు పొర మందము సుమారు అర మైక్రాను. 12 మైక్రానుల కణమనగా ఇరువదినాలుగు ఆకుల తాళపత్రగ్రంథమన్నమాట! అంచు ఒక యాకుమీద నుండును. రేణువు మరియొక యాకుమీద నుండును. కావున మరను సన్నసన్నగా త్రిప్పి, ఆకు తరువాత ఆకు చదువవలసినదే. ద్వారము తెరచి అడుగు మార్చనివాడు అంచుతోనే నిలిచిపోవును. అడుగు మార్చి ద్వారము తెరవనివాడు అన్ని యాకులను చీకటిలో చదువును.

మరునాడు, 21వ తేదీని, చివరి దోమను చీల్చి చూడగా అట్టి కణములే మరింత పెరిగి కనబడెను. నాలుగు దినములకంటె అయిదు దినములకు పెరిగినవనగా, అవి జీవముగలవే. సందేహము తీరెను. 1897 డిసెంబరు 18వ తేదీని ఈ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో అచ్చుపడెను. 1898లో రాసు కలకత్తాలో పక్షుల చలిజ్వరమును బట్టి, క్రిమి దోమ యొక్క లాలాజలగ్రంథులలోనికి వచ్చి, కాటుద్వారా వ్యాపించునని నిరూపించెను. ఆ యేడే ఇటలీ దేశమున గ్రాసీ మొదలగువారు మనుష్యుల చలిజ్వరము విషయమున దోమలోని క్రిమి చరిత్రము నంతయు కనుగొనిరి. 1902లో రాసునకు నోబెల్ బహుమానము లభించెను. ఆయన 1932లో కాలధర్మము నొందెను. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనము ఆయన పేరుతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి యధీనమున నిలిచియున్నది. హైదరాబాదునకు పోవు మన పిల్లలు చార్మినారును జూచివచ్చెదరు. ఈ భవనమును గూడ జూచిరావలెను.

ఈ కథపై నా కింత మక్కువ యేల? స్వాతంత్ర్యము వచ్చిన 1947లో మన దేశమున ఏటేట ఏడున్నర కోట్లమందికి చలిజ్వరము వచ్చుచుండెననియు, ఎనిమిది లక్షలమంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో ప్రభుత్వము నివారణోద్యమము నారంభింపగా, 1965 నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. పిమ్మట ఏమరుపాటు కలిగెను. 1976లో అది మరల 64 లక్షలు దాటెను. ఆ 64 లక్షలలో మా చెల్లెలొకతె.

అప్పటికి దానికి పదునొకండేండ్లు. దినము విడిచి దినము వణకు. మా నాయనగారు దానిని బండిమీద నొక ఆసుపత్రికి తీసికొనిపోయిరి. వ్రేలు పొడిచి, గాజుపలకపై రక్తపు చుక్క తీసి, చూచి, “క్రిమి లేదు” అని పంపివేసిరి. నాలుగు దినములు గడచెను. పిల్ల తెలివిదప్పెను. మరల పోగా, వేరొక యుద్యోగి రక్తము తీసి, కిటికీకడ కూర్చుండి, చాలసేపు చూచెను. ఆయన వ్రేళ్లు మరపై నిలువక, ముందునకును వెనుకకును సన్నగా కదలుచుండుట గుమ్మము నొద్ద నిలిచి నేను కండ్లార జూచితిని. చివరకు తల యెత్తి, “ఉన్నది” అనెను. మందు పడెను, చెల్లెలు బ్రదికెను. మొదటి దినమున దాని రక్తములో క్రిములు తక్కువగా నుండెనో, చూచినవారికి తీరిక లేకపోయెనో నేను చెప్పజాలను, ఎవరిని నిందింపను. కాని మరపై సన్నగా కదలిన ఆ వ్రేళ్లను నేను నేటికిని మరువలేదు.

ఇక మనుమని ప్రశ్నకు వత్తము. వాడు పటము తీయదలచినదియు దోమనే. మా యింటి గోడమీద చచ్చిపడిన మచ్చరెక్కల దోమ. చలిజ్వరపు జాతి ఆడుదోమకు, తొండమునకు ఇరుప్రక్కల దాదాపు తొండమంత పొడవుగల రెండు స్పర్శాంగములుండును. తక్కిన సామాన్యజాతి ఆడుదోమలకు అవి పొట్టివి. వానిపై నుండు తెల్లని పట్టెలనుబట్టి జాతిభేదములను నిర్ణయింతురు. దోమను ఎదురుగా నిలిపి పటము తీసినచో, ఈ యంగములు కెమెరావైపు చాచియుండును. ముందునుండి వెనుకకు లోతు సుమారు 3 మిల్లిమీటరులు.

మొదట వాడు ద్వారమును వీలయినంత మూసి, ఒక్క పటముతో ముగింపజూచెను. కెమెరాపై ద్వారపు టంకె పెరిగినకొలది ద్వారము చిన్నదియని తెలిసికొనవలెను. ఎఫ్ 22 అను అంకెయొద్ద, వస్తువును అంతే పరిమాణమున తీసినపుడు, పొర మందము సుమారు 4 మిల్లిమీటరులు వచ్చును. కాని ప్రతి బిందువును సుమారు 59 మైక్రానుల బిళ్ళ యగును. అది దాదాపు వెండ్రుక మందము. దోమ ముఖముమీద వెండ్రుక మందమున మసక పూసినచో ఇంక మిగులునదేమి? ఎఫ్ 5.6 యొద్దనైనచో బిళ్ళ 15 మైక్రానులకు తగ్గును గాని, పొర మందము 0.3 మిల్లిమీటరు మాత్రమే. దోమ చిన్నది గనుక వాడు రెండింతల పరిమాణమున తీసెను. అపుడు పొర ఇంచుమించు సగమై, 0.15 మిల్లిమీటరునకు వచ్చెను.

రెండవమారు వాడు ద్వారము ఎఫ్ 5.6గా నుంచి, కెమెరాను మరపట్టాలపై 0.4 మిల్లిమీటరు చొప్పున జరుపుచు ఎనిమిది పటములు తీసి, కంప్యూటరుచేత కూర్పించెను. పటము చూపునకు ముచ్చటగా నుండెను. నేను కళ్లజోడు సవరించుకొని, స్పర్శాంగముపై నాలుగు తెల్లపట్టెలున్నవని లెక్కించి, నోటుపుస్తకమున వ్రాసికొంటిని. పొర 0.15, అడుగు 0.4. నడుమ 0.25 మిల్లిమీటరు ఎవరును చదువని ఆకు! తేటభాగము, మసకభాగము, మరల తేటభాగము. ఆ మసకలలో నొకదానినే నేను పట్టెగా భ్రమించితిని. మూడవమారు 0.1 మిల్లిమీటరు చొప్పున ముప్పదియొక్క పటములు తీసి కూర్పగా, పట్టెలు మూడే. నోటుపుస్తకములోని నాలుగును కొట్టివేసి, మనుమని యెదుట తప్పొప్పుకొంటిని. ద్వారము సరిగా నున్నను, అడుగు తప్పినచో లేనిది ఉన్నట్లు గనబడును, ఉన్నది లేకపోవును. ఈ రెండవ ప్రమాదమే మా చెల్లెలి ప్రాణముమీదికి తెచ్చిన ప్రమాదమువంటిది.

కాబట్టి వానికి నేను చెప్పిన క్రమ మిది. మొదట, నీకు కావలసిన మిక్కిలి చిన్న వివరమేదో నిశ్చయించుకొనుము. పుప్పొడిరేణువా, పట్టెయా, రెక్కమచ్చయా? వలయల్లువాని ప్రశ్న ఇదియే. రెండవది, ఆ వివరమును చెరుపనంత వరకే ద్వారమును మూయుము; అంతకంటె మూయకుము. అవసరము లేనిచో అంతకంటె తెరవకుము. తెరచినకొలది ఆకులు పెరుగును, శ్రమ పెరుగును. మూడవది, ఆ ద్వారమునకు వచ్చు పొర మందములో మూడింట రెండు వంతులను అడుగుగా పెట్టుకొనుము. ఒక యాకు అంచు రెండవ యాకు అంచును తప్పక తాకవలెను. నాలుగవది, వస్తువు ముందుకొన కంటె ముందుగా మొదలుపెట్టి, వెనుకకొన దాటిన పిమ్మట నిలుపుము. గ్రంథమునకు అట్టలు రెండును కావలెను. అయిదవది, తలుపులు మూసికొనుము. మా సముద్రపు గాలికి దోమ మీసము కదలినచో నీ లెక్క లన్నియు వ్యర్థములు.

ఇందలి అంకెలు కటకమునుబట్టి, పరిమాణమునుబట్టి మారును. వరుస మాత్రము మారదు. కావలసినదానినిబట్టి ద్వారము, ద్వారమునుబట్టి అడుగు. మా వాడు మొదట అడిగినపుడు ఈ వరుస తలక్రిందులుగా నుండెను; ఏమి వెదకుచున్నాడో నిశ్చయింపకయే ఎంతెంత యని యడిగెను. అందుచేతనే తలా యొక మాట చెప్పిరి. అందరి మాటలును ఎవరి వల కవి సరియైనవే.

రాసునకు తాను వెదకుచున్న క్రిమి యానవాలు తెలియును: ఆ నల్లని రేణువు. అందుచేతనే మబ్బుపట్టిన మధ్యాహ్నమున, పగిలిన కటకముతో, త్రుప్పుపట్టిన మరతో, ఆయన చేయి తగిన ద్వారమును తెరచినది, తగినంత అడుగును వేసినది. మంచి యంత్రము లేకపోవుట ఆయన కడ్డము కాలేదు. చివరి యరగంటను వదలివేసియుండినచో అది యడ్డమై యుండెడిది.

మా చెల్లెలికి నేడు మనుమలున్నారు. వారిలో చిన్నదానికి మొన్న ఆ దోమపటమును జూపి, ఈ కథ చెప్పితిని. అది పటమును తేరిపార జూచి, “తాతా, మూడు పట్టెలేనా? మరల లెక్కపెట్టనా?” అని యడిగెను. లెక్కపెట్టుము తల్లీ, నిదానముగా లెక్కపెట్టుమంటిని.